మగ్గం ఆగిన ఇల్లు

మా గురువు పెంచలయ్యగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా పెద్ద ప్రశ్న వేస్తే ఆ రోజు జవాబు చెప్పేవారు కాదు. "అన్నం తిన్నావా?" అని అడిగేవారు. తినలేదంటే నా వైపు చూసేవారు, తిన్నానంటే గొడుగు చేతికి తీసుకునేవారు. గొడుగు తీసుకున్నారంటే ఎక్కడికో బయలుదేరుతున్నారని అర్థం, అడిగినవాడు వెంట నడవాలి. నడిచి నడిచి ఎవరింటి అరుగు మీదో కూర్చుని, చింతపండు ఒలుచుకుంటున్న ఏ ముసలమ్మతోనో గంటసేపు కబుర్లు చెప్పి తిరిగి వచ్చేసరికి, అడిగినవాడికి తన ప్రశ్నే సగం మరపున పడేది. ఇందులో గొప్ప మర్మం ఉందని కొందరు అనేవాళ్ళు. ఆయన ఆశ్రమంలో పద్దెనిమిదేళ్ళు వంట చేసినదాన్ని నేను. నాకు తెలిసినంతలో ఆయనకు నడక ఇష్టం, అంతకు మించి ఏమీ లేదు.

ఆశ్రమం అన్నానని పెద్దగా ఊహించుకోకండి. రెండు పూరిళ్ళు, ఒక వంటపాక, ఒక బావి. గురువుగారు పుట్టుకతో స్వామీజీ కాదు. వయసులో ఉండగా ఊరూరా తిరిగి సాలెవాళ్ళ మగ్గాలకు అచ్చులు కట్టేవారు. అచ్చు అంటే పడుగు దారాలు ఒక్కొక్కటీ దూర్చే దువ్వెన లాంటి చట్రం. అందులో ఒక పుల్ల విరిగితే బట్టంతా గీత పడుతుంది. వీధిలో నడుస్తూనే, మగ్గం చప్పుడు విని, ఏ ఇంట్లో అచ్చు అరిగిందో చెప్పి తలుపు తట్టేవారట. ఆ బతుకులోంచి ఈ బతుకులోకి ఎలా వచ్చారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ ఏడు శేషఫణి అని ఒకాయన శిష్యుడిగా చేరాడు. ముప్పై దాటినవాడు, సర్వే ఆఫీసులో ఉద్యోగం వదులుకుని వచ్చినవాడు. మనిషి మంచివాడే. కానీ ఏ పని చేసినా గొలుసు పరిచి కొలిచినట్టే చేసేవాడు. ధ్యానం కుదరడం లేదని, ఆశ్రమం వెనక బీడులో తన చేతులతోనే గుడిసె వేసుకున్నాడు. చప్పుడు దూరకుండా రెండు వరసల తాటాకు కప్పాడు. కిటికీ అన్నది పెట్టలేదు. తలుపు సందుల్లో కొబ్బరి పీచు కుక్కాడు. తలుపు బందులు కిర్రుమంటున్నాయని ఆముదం పోశాడు, అదీ నా వంటపాకలోదే. బల్లి పలుకుతోందని దాన్ని పట్టుకుపోయి పొలం గట్టున వదిలి వచ్చాడు. ఇంతా చేసి, లోపల కూర్చున్న అరగంటకే నీళ్ళలో ముంచి తీసినట్టు చెమటతో బయటికి వచ్చేవాడు. నాకు నవ్వొచ్చేది, పాపం అనీ అనిపించేది.

ఒకరోజు పొద్దున పది గంటలప్పుడు ఆయన గురువుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "గురువుగారూ, మూయగలిగినవన్నీ మూశాను. ఇప్పుడు కుదురుతుందా, ఇప్పుడు కుదురుతుందా అని కాచుకుని చూస్తూనే ఉన్నాను, మనసు మాత్రం కుదురుకోవడం లేదు. ఇంకా ఏం మూయమంటారు? ఇక్కడ కాదంటే సెలవివ్వండి, కొండల్లో ఏదైనా గుహ చూసుకుంటాను."

"అన్నం తిన్నావా?" అన్నారు గురువుగారు.

తిన్నానన్నాడు. గురువుగారు గొడుగు కోసం చెయ్యి చాపారు. అప్పుడే బావి అవతల మస్తానమ్మ కనిపించింది.

మస్తానమ్మది సాలిపేట. మా ఆశ్రమానికి అరమైలు దూరంలో నలభై మగ్గాలున్న పేట అది. మామూలుగా అయితే నేరుగా వచ్చి అరుగు మీద కూర్చునే మనిషి, ఆ రోజు బావి దాటి రాలేదు. ఇంట్లో పురుడు, మైల. అక్కడినుంచే దణ్ణం పెట్టి, "స్వామీ, ఒక తాయెత్తు కట్టియ్యండి, మీ కాళ్ళు పట్టుకుంటా" అంది. గురువుగారు తాయెత్తులు ఇవ్వరని ఆవిడకు తెలుసు. తెలిసీ వచ్చిందంటే సంగతి ముదిరిందని నాకు అర్థమైంది.

ఆవిడ కోడలు వెంగమ్మ ప్రసవించి ఎనిమిది రోజులైంది. ఆడపిల్ల. వెంగమ్మకు పుట్టిల్లు అంటూ లేదు, తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోయారు, అందుకే కాన్పు అత్తింట్లోనే జరిగింది. పుట్టిన రెండో రోజు నుంచీ ఆ పసికందు పట్టుమని పావుగంట నిద్రపోవడం లేదు. ఏడ్చి ఏడ్చి పాలు తాగే ఓపిక లేక సొమ్మసిల్లుతుంది, ఉలిక్కిపడి లేస్తుంది, మళ్ళీ ఏడుపు.

"నర్సమ్మకు చూపించావా?" అన్నారు గురువుగారు.

"నిన్న కూడా వచ్చింది స్వామీ. బిడ్డకు ఏ జబ్బూ లేదంటది. తల్లి కంటినిండా నిద్రపోతే పాలు పడతాయి, పాలు పడితే బిడ్డ తేరుకుంటాదంటది. చెప్పేదానికేం. ఇద్దరిలో ఎవురో ఒకరు కన్ను మూస్తే గదా." ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మీకు తెలుసు గదా స్వామీ, రెండేళ్ళ కిందట మగబిడ్డ పుట్టినాడు, తొమ్మిదో రోజు పోయినాడు. రేపు దీనికి తొమ్మిదో రోజు. ఆ పొద్దు దీనిమీద నా ఇంట్లో పొడవకూడదు. సాయంత్రానికి బండి చెప్పినాను. నా కూతురింటికి పంపిచ్చేస్తా ఉండాను. దానికి నాలుగు నెల్ల బిడ్డ ఉండాడు, పాలకు కొదవ లేదు. యాడున్నా బతికి బట్టకడితే చాలు."

"తల్లి?"

"అది లేచి నిలబడలేదు స్వామీ, బండెట్టా ఎక్కుద్ది? ఈడనే ఉంటాది."

గురువుగారు లేచారు. "తాయెత్తు నా దగ్గర లేదమ్మా. బిడ్డను చూసొస్తాను పద." శేషఫణితో "నువ్వూ రా" అన్నారు. నన్ను కూడా రమ్మన్నారు, పురిటి గదిలోకి మగవాళ్ళం మేమే పోతే బాగుండదు రత్నమ్మా అని. పొయ్యి మీద పప్పు సగం ఉడికి ఉంది. మంట లాగేసి బయలుదేరాను.

సాలిపేటలో అడుగు పెడితే మనిషి మాట మనిషికి వినపడాలంటే గొంతు పెంచాలి. ఆ రోజు కూడా వీధి మొదట్లో అలాగే ఉంది. మస్తానమ్మ ఇల్లు దగ్గరపడేకొద్దీ మగ్గాల చప్పుడు పలచబడింది, మూడిళ్ళ ఇవతల పూర్తిగా ఆగిపోయింది. గురువుగారు వీధి మధ్యలో నిలబడిపోయారు. "ఈ పక్క ఎవరూ నేయడం లేదేం?"

"నేనే అందరికీ దణ్ణం పెట్టి ఆపించినాను స్వామీ, బిడ్డకు నిద్ర పట్టాల గదా" అంది మస్తానమ్మ. "మంచోళ్ళు. ఎవురూ కాదనలా."

నేసేవాళ్ళ ఇంట్లో ఒకరోజు మగ్గం ఆగితే ఆ రోజు పొయ్యి మీద గిన్నె చిన్నదవుతుంది. అటు మూడిళ్ళూ ఇటు మూడిళ్ళూ వారం రోజులుగా ఆ పని చేశాయంటే, సొంతవాళ్ళు కూడా అంత చెయ్యరు. నాకు నిజంగా మనసు కరిగింది.

ఇంట్లోకి వెళ్ళాం. ముందు గదిలో మగ్గం మీదా, నేసేవాళ్ళు కాళ్ళు దించి కూర్చునే గుంట మీదా దుప్పటి కప్పి ఉంది. నూలు కండెలు చుట్టే రాట్నాన్ని గోడకు, చిలక్కొయ్యకు తగిలించేశారు. లోపలి గది తలుపు నెట్టేసరికి పొగ, వేడి ఒక్కసారి మొహాన కొట్టాయి. కిటికీలో పాత చీరలు కుక్కి ఉన్నాయి. మూల కుంపట్లో సాంబ్రాణి. చీర ఉయ్యాలలో, రెండు దిండ్ల మధ్య, నాలుగు గుడ్డలు చుట్టి, తలకు టోపీ పెట్టి, ఆ పసిగుడ్డు మొహం కందగడ్డలా చేసుకుని ఏడుస్తోంది. గోడవారన తండ్రి ఏకాంబరం గొంతుకూర్చుని ఉన్నాడు. ఇరుగమ్మా పొరుగమ్మా ఉయ్యాలకు చెరోపక్క వంగి ఉన్నారు. అందరూ కాలి వేళ్ళ మీద నడుస్తున్నారు, సైగలతో మాట్లాడుతున్నారు. నులక మంచం మీద వెంగమ్మ, కళ్ళు రెండూ గుంటలు పడి, ఉయ్యాల వంకే చూస్తూ పడుకుని ఉంది.

శేషఫణికి ఆ గది తెగ నచ్చింది. "ఎంత నిశ్శబ్దంగా పెట్టుకున్నారండీ, నా గుడిసె దీని ముందు ఎందుకూ చాలదు" అని నా చెవిలో గొణిగాడు. గోడలో పైన ఎక్కడో చిన్న కన్నం ఉంది, అందులోంచి పిచ్చుకల అరుపులు వస్తున్నాయి. ఆయన గబగబా మంచం కోడు మీద కాలేసి ఎక్కి, తన ఉత్తరీయం కొస అందులో దూర్చి వచ్చాడు. ఇప్పుడు చూడండి అన్నట్టు మా వైపు తిరిగాడు. పసిది గుక్కపట్టి నీలంగా తిరిగింది.

గురువుగారు పొరుగు ఆడవాళ్ళతో "మీరు కాస్త ఇంటికి పోయి అన్నాలు తినండమ్మా" అన్నారు. వాళ్ళు వెళ్ళాక కుంపటి బయట పెట్టించారు. కిటికీలోని చీరలు లాగి పారేశారు. బిడ్డను నా చేత ఎత్తించి, టోపీ తీయించి, చుట్టిన గుడ్డల్లో మూడు విప్పించారు. మెడ మడతల్లో చెమట కారుతోంది. అయ్యో, నలుగురు బిడ్డల్ని పెంచినదాన్ని, రాగానే నాకు తట్టొద్దా. గాలి తగిలేసరికి అది ఒక క్షణం తేరిపారచూసింది. ఎర్రటి నోరు తెరిచి మళ్ళీ అందుకుంది.

నేను భుజాన వేసుకుని తట్టాను. వీపు నిమిరాను. కాళ్ళ మీద పడుకోబెట్టి ఊపాను. నాకు తెలిసిన విద్యలన్నీ పది నిమిషాల్లో అయిపోయాయి. "శేషఫణికి ఇవ్వు" అన్నారు గురువుగారు. ఆయన జన్మలో పసిబిడ్డను ఎత్తుకున్నవాడు కాదు, పగిలే కుండను పట్టుకున్నట్టు పట్టుకుని, ఏం చెయ్యాలో తోచక సన్నగా ఓంకారం మొదలుపెట్టాడు. బిడ్డ ఆయన పంచె తడిపింది, ఏడుపు మాత్రం ఆపలేదు.

అప్పుడు వెంగమ్మ మాట్లాడింది. గొంతు బొంగురుపోయి ఉంది. "తీసుకుపొమ్మనండి స్వామీ. మా వదినకాడికే పంపెయ్యమనండి. ముందోణ్ణీ నేనే మింగినాను, దీన్నీ మింగేస్తాను. నా కాడుంటే బతకదు." ఏడవకుండానే అంది ఆ మాట. ఏడ్చి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. మస్తానమ్మ గడప మీద కూలబడి తల కొట్టుకుంది. కోడలి మీద కోపం లేదు ఆవిడకు, ఆ ఇంట్లో ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. అందరికీ భయం, అంతే.

గురువుగారు మంచం పక్కన నేల మీద కూర్చున్నారు. వంటలో ఉప్పు ఎంత వేశావని అడిగినంత మామూలుగా అడిగారు. "కడుపులో ఉన్నప్పుడు బాగా తన్నేదా అమ్మా?"

వెంగమ్మ ఆయన వంక విచిత్రంగా చూసింది. "తన్నేది."

"ఎప్పుడెప్పుడు?"

"పొద్దున లేవంగానే. అన్నానికి లేచినప్పుడు. ఊరికే కూసున్నప్పుడు." కాస్త ఆలోచించింది. "పనిలో ఉంటే మాత్రం కుదురుగానే ఉండేది."

"ఏం పని?"

"రాట్నం. కండెలు చుట్టేదాన్ని, ఆయన మగ్గం పక్కనే కూసోని. నొప్పులొచ్చిన పూట కూడా పది కండెలు చుట్టినా."

గురువుగారు తల తిప్పి మస్తానమ్మను చూశారు. "మీ ఇంట్లో మగ్గం ఎందుకు ఆపారమ్మా?"

"పురుడు గదా స్వామీ. పదకొండు రోజులూ మగ్గం ముట్టుకోకూడదు." ఆవిడ గొంతు గట్టిపడింది. "పోయినతూరి వీడు ముట్టుకున్నాడు. పెళ్ళి చీరలు, గడువు దాటిపోతాదని నాలుగో రోజే గుంటలోకి దిగినాడు. వద్దురా, మగ్గం మన తల్లిరా, పురుట్లో ముట్టుకుంటే ఓర్వదురా అని ఏడ్చి చెప్పినా. వినలా. తొమ్మిదో రోజు బిడ్డ పోయినాడు. ఈతూరి నా పీనుగ మీదనే దిగాల."

ఏకాంబరం మోకాళ్ళ మధ్య తల దాచుకున్నాడు. రెండేళ్ళుగా ఆ మాట ఆ ఇంట్లో ఎన్నిసార్లు తిరిగిందో ఆ వంగిన వీపు చూస్తే తెలుస్తోంది. గురువుగారు ఇప్పుడు మూఢనమ్మకాల మీద నాలుగు మాటలు చెబుతారనుకున్నాను. నేనైతే చెప్పేదాన్ని. ఆయన వాదించలేదు.

"తప్పు, ముట్టుకున్నవాడికే గదా తగిలింది?" అన్నారు.

"అవును స్వామీ."

"అయితే ఈసారి ముట్టుకునేది నేను. నాకు బిడ్డలు లేరు. పోవడానికి నా దగ్గర ఏమీ లేదు."

పంచె ఎగ్గట్టి ముందు గదిలోకి వెళ్ళారు. దుప్పటి లాగేసి, మగ్గానికి దణ్ణం పెట్టి, గుంటలోకి దిగి కూర్చున్నారు. మస్తానమ్మ చెయ్యి చాపింది గానీ గురువును పట్టి ఎలా లాగుతుంది, అలాగే నిలబడిపోయింది. శేషఫణి బిడ్డతో సహా గడప దగ్గరికి వచ్చాడు. గురువుగారు అడ్డపోగు మోసుకుపోయే నాడె విసిరారు.

అచ్చులు కట్టినంత మాత్రాన నేత వస్తుందనుకుంటే పొరపాటు. వీణ చేసే వడ్రంగికి వీణ వాయించడం రావాలని ఎక్కడుంది. నాడె అటు చివర చేరకుండా మధ్యలోనే దూకి కింద పడింది. కాలి కింది కర్రల్లో ఒకటి తొక్కబోయి ఒకటి తొక్కారు. మూడోసారి విసిరేసరికి పటుక్కున దారం తెగింది. ఎప్పుడూ ఎవరి ముందూ తడబడని మనిషి అలా తంటాలు పడుతుంటే నాకు చూడబుద్ధి కాలేదు. బిడ్డ ఆ మొదటి చప్పుడుకు ఏడుపు ఆపి వింది. ఆ తర్వాతి గందరగోళానికి మళ్ళీ మొదలుపెట్టింది.

ఏకాంబరం గోడవార నుంచి లేచి వచ్చాడు. తెగిన దారం ప్రతిదీ అతని ఒంట్లోంచి లాగినట్టుంది. అయిదో దారం తెగాక ఇక ఆగలేకపోయాడు. "స్వామీ, పడుగు పాడైపోతా ఉండాది. లేవండి."

"నువ్వు దిగకూడదు గదా నాయనా."

"లేవండి స్వామీ, మీకు పుణ్యం ఉంటాది."

గురువుగారు లేచారు. ఏకాంబరం తల్లి మొహం చూడకుండా గుంటలోకి దిగాడు. తెగిన పోగులు ముడివేశాడు. కాలికర్ర తొక్కాడు, నాడె విసిరాడు, పోగు బిగిసేలా పలకతో ఒక్క దెబ్బ వేశాడు. మళ్ళీ. మళ్ళీ. ఎనిమిది రోజుల తర్వాత ఆ ఇంట్లో ఆ చప్పుడు వినపడింది.

బిడ్డ గుక్క సగంలో ఆగింది. శేషఫణి చేతుల్లో కళ్ళు పెద్దవి చేసి అటూ ఇటూ చూసింది. ఏడుపు తగ్గింది, మూలుగయింది, కానీ నిద్ర రాలేదు. ఇంకా దేనికోసమో వెతుక్కుంటున్నట్టు తల తిప్పుతోంది. లోపలి గదిలోంచి వెంగమ్మ మాట వినపడింది. "రాట్నం లేదు." నేను వెళ్ళి ఏంటమ్మా అని అడిగాను. "రెండూ కలిసే వినపడేవి అక్కా. ఆయన మగ్గం, నా రాట్నం." లేవబోయింది. మోచేతి మీద కాస్త లేచి, కళ్ళు తిరిగి మళ్ళీ పడిపోయింది.

నాకు రాట్నం తిప్పడం రాదు. శేషఫణికి అసలే రాదు, పైగా చేతులు ఖాళీ లేవు. గురువుగారికి వచ్చో రాదో, ఆయన ఈసారి కదల్లేదు. ఎవరి వంకా చూడలేదు కూడా, గడప మీద కూర్చుని కండువాతో మొహం తుడుచుకుంటున్నారు.

మస్తానమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మనవణ్ణి పోగొట్టుకున్న మనిషి. ఏ తప్పు వల్ల పోయాడని రెండేళ్ళు నమ్మిందో, ఆ తప్పే కళ్ళ ముందు జరుగుతోంది, ఇప్పుడు తన చేత్తో కూడా చెయ్యాలి. చివరికి వెళ్ళి చిలక్కొయ్య నుంచి రాట్నం దించింది. కొడుకు మగ్గం పక్కన, కోడలు కూర్చునే చోట చతికిలబడింది. మొదటి కండె చేతిలోంచి జారిపోయింది. ముప్పై ఏళ్ళు కండెలు చుట్టిన చెయ్యి అది. రెండోది నిలిచింది. రాట్నం గుర్రుమని అందుకుంది. కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి తీయలేదు.

మగ్గం వినపడేసరికి బిడ్డ నిద్రపోయింది కాబోలనుకున్నారు ఎదురింటివాళ్ళు. వాళ్ళింట్లో మగ్గం మొదలైంది. ఆ తర్వాత పక్కింట్లో, ఆ పైన మూడో ఇంట్లో. వాళ్ళు అనుకున్నది కాస్త ముందు అనుకున్నారు, అబద్ధం మాత్రం కాలేదు. బిగించిన పిడికిలి శేషఫణి రొమ్ము మీద మెల్లగా విచ్చుకుంది. చిన్న నిట్టూర్పు విడిచింది. తల ఆయన మోచేతి మీద బరువుగా వాలింది. ఆయన కళ్ళార్పకుండా, ఊపిరి తీస్తే లేస్తుందేమోనని నిలబడిపోయాడు.

"వాళ్ళమ్మ పక్కన వెల్లకిలా పడుకోబెట్టు. దిండ్లు వద్దు" అన్నారు గురువుగారు. నేను మంచం పక్కనే నేల మీద చాప వేసి, పలచటి గుడ్డ పరిచి పడుకోబెట్టించాను. వెంగమ్మ మంచం మీంచి చెయ్యి కిందికి చాపి బిడ్డ పొట్ట మీద పెట్టింది. అది పైకీ కిందికీ కదులుతోందని కాసేపు చూసుకుంది. అప్పుడు ఏడ్చింది, ఎనిమిది రోజుల ఏడుపూ ఒక్కసారే. ఏడుస్తూ ఏడుస్తూనే నోరు తెరుచుకుని నిద్రలోకి పోయింది. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఇద్దరూ ఒక నిద్ర తీశారు. బిడ్డ లేచి పాలకు వెతుక్కుంది, దొరికిన కాసిని తాగింది, మళ్ళీ పడుకుంది. నాలుగింటికి వీధిలో ఎద్దుల మువ్వలు వినిపించాయి. "అమ్మా, బండి" అని కేకేశాడు బండివాడు. నేను మస్తానమ్మ దగ్గరికి వెళ్ళి ఏం చెప్పమంటావని అడిగాను. ఆవిడ రాట్నం ఆపలేదు, తల ఎత్తలేదు.

"ఎద్దులకు నీళ్ళు పెట్టి పంపించెయ్యమ్మా" అంది.

ఆ మాట అనడానికి ఆవిడకు ఎంత ధైర్యం కావలసి వచ్చిందో బండివాడికి తెలియదు, బేరం చెడిందని గొణుక్కుంటూ పోయాడు. మేం బయలుదేరుతుంటే మాత్రం ఆవిడ గురువుగారి వెనకాలే వాకిలి దాకా వచ్చింది. "రేపు తొమ్మిదో రోజు స్వామీ" అంది చిన్నగా. "వస్తాను" అన్నారాయన. దారిలో కాలవలో మునిగి మైల కడుక్కుని ఇంటికి వచ్చాం. పప్పు నీళ్ళలా ఉంది, అదే తిన్నాం.

తొమ్మిదో రోజు తెల్లారకముందే గురువుగారు గొడుగు తీసుకుని వెళ్ళి మస్తానమ్మ అరుగు మీద కూర్చున్నారు. మంత్రం లేదు, తంత్రం లేదు. వచ్చేపోయేవాళ్ళతో నూలు గురించీ వానల గురించీ మాట్లాడుతూ పొద్దు గుంకేదాకా కూర్చున్నారు. మధ్యాహ్నం నేను అన్నం తీసుకెళ్ళాను. లోపల మగ్గం ఆడుతోంది, రాట్నం తిరుగుతోంది. మస్తానమ్మ గంటకోసారి చెయ్యి ఆపి లోపలి గదిలోకి తొంగిచూసి వస్తోంది. బిడ్డ ఏడ్చింది, తాగింది, గుడ్డలు తడిపింది, నిద్రపోయింది. తొమ్మిదో రోజు గడిచింది. పదో రోజూ అలాగే గడిచింది.

పదకొండో రోజు పురుడు స్నానాలయ్యాక మస్తానమ్మ పెద్ద గిన్నెలో బెల్లం పొంగలి పట్టుకుని, ఈసారి బావి దాటి వచ్చి అరుగు మీద కూర్చుంది. వెంగమ్మకు పాలు పడ్డాయట. ఏకాంబరం ఈ మూడు రోజుల్లో చీర మూరెడు ముందుకు నేశాడట. పొంగలిలో నెయ్యి తక్కువైంది, అయినా బాగుందని చెప్పాను.

ఆవిడ వెళ్ళిపోయేదాకా శేషఫణి కాచుకుని ఉన్నాడు. ఈ మూడు రోజులూ ఆయన గుడిసె వైపు పోలేదు, బావి గట్టున కూర్చుని ఏదో లెక్క తెగనట్టు ఆలోచిస్తూనే ఉన్నాడు. ఇప్పుడు వచ్చి గురువుగారి ఎదుట నిలబడ్డాడు.

"గురువుగారూ, నా ప్రశ్న అలాగే ఉండిపోయింది. నేను చూసినదాన్ని బట్టి అడుగుతున్నాను. మనసు కుదురుకోవడానికి నిశ్శబ్దం కాక చప్పుడే కావాలంటారా? నా గుడిసె పీకి సాలిపేటలో వేసుకోనా?"

"వేసుకో. నాకేం అభ్యంతరం" అన్నారు గురువుగారు, గిన్నె అడుగున మిగిలిన పొంగలి వేలితో తీసుకుంటూ.

శేషఫణి కదల్లేదు. అది జవాబు కాదని ఆయనకు తెలుసు. గురువుగారు వేళ్ళు నాకి, చెయ్యి కడుక్కుని, కండువాకు తుడుచుకున్నారు. అప్పుడు ఆయన మొహంలోకి చూశారు.

"వారం రోజులు ఇంటిల్లిపాదీ చేతిలో పని పక్కన పెట్టి, ఊపిరి బిగబట్టి, ఇప్పుడు నిద్రపోతుందా, ఇప్పుడు నిద్రపోతుందా అని దాని మొహంలోకే చూస్తూ కూర్చున్నారు గదయ్యా. నిన్ను అట్టా చూస్తా ఉంటే, నీకు పడుతుందా నిద్ర?"